ఎక్సెల్ పిలుస్తూనే ఉంది, నీ స్క్రిప్టే పలకట్లేదు

"అక్కా నమస్తే. మాది గుంటూరు దగ్గర ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీ. నేను అకౌంట్స్ చూస్తాను, పైథాన్ సొంతంగా నేర్చుకున్నాను. గేటు దగ్గర ఆపరేటర్ ఎక్సెల్‌లో లాట్ నంబరు, రైతు పేరు, టిక్కీలు (మిర్చి బస్తాలు), తూకం ఎక్కిస్తుంటాడు. అతను టిక్కీల సంఖ్య కొట్టగానే పక్క సెల్‌లో టైము పడాలి, స్టాకు ఫైలు అప్‌డేట్ అవ్వాలి, స్లిప్ ప్రింటవ్వాలి. దీనికోసం పైవిన్32తో (పైథాన్ నుంచి విండోస్ ప్రోగ్రాముల్ని నడిపే లైబ్రరీ) షీట్ ఛేంజ్ ఈవెంట్, అంటే సెల్ మారిందని ఎక్సెల్ ఇచ్చే కబురు, పట్టుకునేలా స్క్రిప్టు రాసి, చివర్లో ఐదేసి సెకన్ల స్లీప్‌తో ఒక లూపు పెట్టాను. ఈవెంట్లు రాలేదు, పైగా ఎక్సెల్ బిగుసుకుపోయింది. టెస్టింగ్ కోసం లూపులో వర్క్‌బుక్ పేరు చదివే లైను పెడితే వచ్చాయి, ఆ లైను తీసేస్తే మళ్లీ ఆగిపోయాయి! కోడు నీట్‌గా ఉంటుందని కనెక్ట్ చేసే ముక్కని ఒక ఫంక్షన్‌లో పెట్టాక మొత్తానికే పోయింది. వచ్చిన రోజుల్లోనేమో టైము ఒక సెల్‌లో కాకుండా కుడివైపు వరసంతా నిండిపోయింది. మధ్యమధ్యలో 'కాల్ వాజ్ రిజెక్టెడ్ బై కాలీ' అని ఎర్రర్. సాయంత్రానికి టాస్క్ మేనేజర్‌లో నాలుగైదు ఎక్సెల్‌లు. ఓనరు గారు 'దీనికంటే పుస్తకంలో రాసుకోవడమే నయం' అంటున్నారు. తర్వాత అవుట్‌లుక్ మెయిల్స్‌కి కూడా ఇలాంటిదే చేయాలని నా ఆశ. ఎక్కడ తప్పు చేస్తున్నాను?"

తమ్ముడూ, ఓనరు గారి మాటకి ఫీలవకు. సీజన్లో గేటు బయట లారీలు బారులు తీరి ఉంటే, లోపల ఎక్సెల్ బిగుసుకుపోతే ఎవరైనా ఆ మాటే అంటారు. నీ లెక్కల్లో తప్పేం లేదు. చిక్కంతా ఎక్సెల్‌కీ నీ స్క్రిప్టుకీ మధ్య మాటలు ఎలా నడుస్తాయో తెలియకపోవడం వల్ల వచ్చిందే. అది తెలిస్తే నువ్వు రాసిన గొడవల్లో చాలావరకు ఒకదాని వెనక ఒకటి విడిపోతాయి.

మీ గేటు దగ్గర వాచ్‌మన్ ఉంటాడు కదా, లారీ రాగానే లోపలికి కేకేస్తాడు. ఎక్సెల్ కూడా అలాంటి వాచ్‌మనే, కాకపోతే కొంచెం మొండి మనిషి. కేకేశాక నువ్వు "ఆ, సరే" అనేదాకా అక్కడే నిలబడతాడు, వెనక ఇంకో లారీ వచ్చి హారన్ కొట్టినా తిరిగి చూడడు. ఈవెంట్ అంటే ఎక్సెల్ చీటీ రాసి ఒక మూల పడేసి పోవడం కాదు. నువ్వు రాసిన ఫంక్షన్‌ని ఎక్సెల్ నేరుగా పిలుస్తుంది, అది ముగిసి వెనక్కి వచ్చేదాకా ఆగి ఉంటుంది. మిగతా ఆటోమేషన్ అంతా నువ్వు ఎక్సెల్‌ని పిలవడమే, సెల్ చదవమనో ఫైలు తెరవమనో. ఈవెంట్ దగ్గరికొచ్చేసరికి ఎక్సెల్ నిన్ను పిలుస్తుంది. పిలిచినప్పుడు నువ్వు పలికే స్థితిలో ఉండాలి, ఉన్నావో లేదో ఎక్సెల్ చూసుకోదు.

ఇప్పుడు నీ లూపు సంగతి. నీ స్క్రిప్టు, ఎక్సెల్ వేరువేరు ప్రాసెస్‌లు, అంటే విడివిడిగా నడిచే ప్రోగ్రాములు. ఎక్సెల్ వేసిన కేక నీ థ్రెడ్ (ప్రోగ్రాంలో పని నడిచే దారం) దగ్గరికి విండోస్ మెసేజ్‌గా వచ్చి క్యూలో కూర్చుంటుంది, ఆ క్యూలోంచి మెసేజ్ తీసి నీ ఫంక్షన్‌కి అందించేవాళ్లు ఒకరు ఉండాలి. ఫారమ్‌లు, బటన్లు ఉండే ప్రోగ్రాముల్లో ఆ పని తెర వెనక ఎలాగూ జరుగుతుంటుంది కాబట్టి అలాంటివి రాసేవాళ్లకి ఈ క్యూ అనేది ఒకటుందనే తెలియదు. నీది నల్ల విండోలో నడిచే ఉత్త స్క్రిప్టు. అందులో ఐదు సెకన్ల స్లీప్ అంటే అక్షరాలా నిద్రే, ఆ ఐదు సెకన్లూ ఎవరు పిలిచినా పలకదు. వాచ్‌మన్ మాత్రం జవాబు కోసం నిలబడే ఉంటాడు. ఆపరేటర్‌కి అది ఎక్సెల్ హ్యాంగ్ అయినట్టు కనిపిస్తుంది, ఇంకాసేపు అలాగే ఉంటే ఎక్సెల్ ఇంకో అప్లికేషన్ ఓఎల్‌ఈ పని (అంటే తను పిలిచి అప్పగించిన పని) ముగించడం కోసం ఎదురుచూస్తున్నానని ఒక బాక్సు కూడా చూపిస్తుంది. ఆ బాక్సు వస్తే తప్పు ఎక్సెల్‌ది కాదు, మనదే.

మరి వర్క్‌బుక్ పేరు చదివే లైను పెడితే ఎందుకు పనిచేసింది? నీ ఉత్తరంలో నాకు బాగా నచ్చిన ముక్క ఇదే, ఎందుకంటే రోగం ఏంటో అక్కడే బయటపడింది. నువ్వు ఎక్సెల్‌ని ఏదైనా అడిగి జవాబు కోసం ఎదురుచూసే ఆ కాస్త సమయంలో, నీ వైపు వచ్చిన పిలుపుల్ని కామ్ లైబ్రరీ (విండోస్ ప్రోగ్రాములు ఒకదాన్నొకటి పిలుచుకునే ఏర్పాటు) తనే లోపలికి వదులుతుంది. లేకపోతే ఇద్దరూ ఒకళ్ల జవాబు కోసం ఒకళ్లు చూస్తూ అలాగే ఉండిపోతారు. కాబట్టి ఆ లైను వల్ల ఈవెంట్లు రావడం పక్కదారి లాభమే తప్ప అదే మందు కాదు. చాలామంది ఇలాంటి లైను పొరపాటున పెట్టి "పనిచేస్తోంది, ముట్టుకోకండి" అని కామెంట్ రాసి వదిలేస్తారు. నేనూ ఒకప్పుడు అలాంటి కామెంట్ రాసినదాన్నే.

అసలు మందు పైథాన్‌కామ్ మాడ్యూల్‌లో ఉంది, పంప్ వెయిటింగ్ మెసేజెస్ అనే ఫంక్షన్ (నేను చదవడానికి వీలుగా విడదీసి రాస్తున్న పేర్లన్నీ కోడులో కలిపి రాయాలి). లూపు తిరిగిన ప్రతిసారీ దాన్ని పిలువు, తర్వాత పదోవంతు సెకను నిద్రపో, మళ్లీ పిలువు. క్యూలో ఏముంటే అది తీసి నీ హ్యాండ్లర్‌కి (ఈవెంట్ రాగానే నడిచే నీ ఫంక్షన్‌కి) ఇచ్చి వెంటనే వెనక్కి వచ్చేస్తుంది. పంప్ మెసేజెస్ అని ఇంకొకటి ఉంది, అది ఒకసారి లోపలికెళ్తే ఆపమనేదాకా బయటికి రాదు. లూపులో వేరే పనులు లేనివాళ్లకి అది సరిపోతుంది గానీ నీకు స్లిప్పులూ స్టాకూ ఉన్నాయి కాబట్టి మొదటిదే వాడు. ఎవరైనా "దీన్ని వేరే థ్రెడ్‌లో పెట్టేయ్, గొడవ వదిలిపోతుంది" అంటే తొందరపడకు. ఏ థ్రెడ్‌లో వింటావో ఆ థ్రెడ్‌లోనే కో ఇనిషియలైజ్ (కామ్‌ని మొదలుపెట్టే ఫంక్షన్) పిలవాలి, అక్కడే పంప్ చేయాలి, ఒక థ్రెడ్‌లో తెచ్చిన ఎక్సెల్ ఆబ్జెక్టుని ఇంకో థ్రెడ్‌లో ఊరికే వాడకూడదు. గొడవ వదలదు సరికదా రెండవుతుంది.

ఫంక్షన్‌లో పెట్టాక మొత్తానికే పోయిందన్నావు చూడు, దానికి కారణం వేరు. విత్ ఈవెంట్స్ అనే ఫంక్షన్‌కి ఎక్సెల్ ఆబ్జెక్టునీ నీ హ్యాండ్లర్ క్లాసునీ ఇస్తే అది ఒక ఆబ్జెక్టుని తిరిగి ఇస్తుంది. అదే నీ చెవి. నువ్వు దాన్ని ఫంక్షన్ లోపల ఒక లోకల్ వేరియబుల్‌లో పెట్టావు, లేదా అసలు ఎందులోనూ పెట్టలేదు. ఫంక్షన్ ముగిసింది, వేరియబుల్ పోయింది, దాంతోపాటు ఆబ్జెక్టు పోయింది, పోతూ పోతూ ఎక్సెల్‌తో ఉన్న లింకుని కూడా తెంపుకుని పోయింది. ఎర్రర్ రాదు, వార్నింగ్ రాదు. నిశ్శబ్దం. ఆ ఆబ్జెక్టుని ఫంక్షన్ నుంచి రిటర్న్ చేసి, స్క్రిప్టు బతికున్నంతకాలం ఉండే చోట పట్టుకో, అంతే.

ఇది పైథాన్ రోగం మాత్రమే కాదు. సీషార్ప్‌లో రాసేవాళ్లని ఇది ఇంకా దుర్మార్గంగా ఏడిపిస్తుంది, ఎందుకంటే అక్కడ ఆబ్జెక్టు వెంటనే పోదు, గార్బేజ్ కలెక్టర్‌కి (వాడని ఆబ్జెక్టుల్ని ఊడ్చేసేదానికి) ఎప్పుడు బుద్ధి పుడితే అప్పుడు పోతుంది. పొద్దున్నుంచి పనిచేసిన ఈవెంట్ మధ్యాహ్నం భోజనాల వేళకి ఆగిపోతుంది, డీబగ్గర్ పెట్టి చూస్తే మళ్లీ పనిచేస్తుంది. ఎక్సెల్‌లోనే వీబీఏ (ఎక్సెల్ మాక్రోల భాష) రాసేవాళ్లకి కూడా అప్లికేషన్ స్థాయి ఈవెంట్లు కావాలంటే క్లాస్ మాడ్యూల్‌లో విత్ ఈవెంట్స్‌తో వేరియబుల్ పెట్టి, ఆ క్లాసు ఆబ్జెక్టుని మాడ్యూల్ స్థాయిలో పట్టుకోవాలి. ఎక్కడో ఎర్రర్ వచ్చి ఎండ్ నొక్కితే ప్రాజెక్టు రీసెట్ అయి ఆ వేరియబుల్ ఖాళీ అవుతుంది, అక్కడా అదే నిశ్శబ్దం. ఏ భాషైనా సరే, ఈవెంట్లు చప్పుడు లేకుండా ఆగిపోతే నేను మొదట వెతికేది "వినే ఆబ్జెక్టుని ఎవరు పట్టుకుని ఉన్నారు" అనే.

ఇంకో చప్పుడులేని చావు కూడా ఉంది. హ్యాండ్లర్ లోపల నీ కోడుకి ఎర్రర్ వస్తే స్క్రిప్టు ఆగదు. ఆ ఎర్రర్ వివరాలు నల్ల విండోలో పడతాయి, లూపు అలాగే తిరుగుతుంటుంది. నువ్వు విండో కనపడకుండా నడుపుతుంటే ఆ వివరాలు చూసేవాళ్లే ఉండరు. అందుకని ప్రతి హ్యాండ్లర్ మొత్తాన్నీ ట్రై లోపల పెట్టి, ఎర్రర్ వస్తే టైముతో సహా ఒక లాగ్ ఫైల్లో రాయించు. ఈ ఒక్క పని ముందే చేసుంటే నువ్వు నాకు ఉత్తరం రాసే అవసరం సగం తగ్గేది.

టైము వరసంతా నిండిపోవడం గురించి చదివి నవ్వొచ్చింది, ఏమనుకోకు, ఇది అందరికీ ఒకసారైనా జరిగేదే. ఆపరేటర్ టిక్కీలు కొట్టాడు, షీట్ ఛేంజ్ వచ్చింది, నీ హ్యాండ్లర్ పక్క సెల్‌లో టైము రాసింది. అలా రాయడం కూడా మార్పే కదా! ఎక్సెల్ మళ్లీ కేకేసింది, నీ హ్యాండ్లర్ దాని పక్క సెల్‌లో టైము రాసింది, మళ్లీ కేక. ఎక్సెల్ షీటుకి 16,384 కాలమ్‌లు, అంతదూరం పోకముందే ఏదో ఒకటి చేతులెత్తేస్తుంది గానీ పోగలిగితే పోయేదే.

దీనికి ఎవరిని అడిగినా ఎనేబుల్ ఈవెంట్స్‌ని (ఈవెంట్లు పంపాలా వద్దా అనే ఎక్సెల్ సెట్టింగ్) ఫాల్స్ చేయి, రాయి, మళ్లీ ట్రూ చేయి అంటారు. తప్పు కాదు, కానీ నాకు దాని మీద కోపం ఉంది, ఎందుకో చెప్తాను. ఒక ఆఫీసులో నేను రాసిన కోడు ఇలాగే ఫాల్స్ చేసింది, తర్వాతి లైనులో తేదీ ఫార్మాట్ తప్పుగా ఉండి ఎర్రర్ వచ్చింది, ట్రూ చేసే లైను దాకా వెళ్లనే లేదు. ఆ రోజంతా ఆ ఎక్సెల్‌లో ఒక్క ఈవెంట్ కూడా రాలేదు. నా కోడుకే కాదు, వాళ్ల పాత వర్క్‌బుక్‌లలో ఉన్న మాక్రోలకీ రాలేదు. సాయంత్రం ఆడిట్ ఆయన "ఇవాళ ఎంట్రీలకి ఎవరు ఎక్కించారో పేర్లు లేవేంటి" అని అడిగేదాకా ఎవరికీ తెలియలేదు, తెలిశాక అందరూ నావైపే చూశారు. ఆ సెట్టింగ్ ఎక్సెల్ మొత్తానికీ ఒక్కటే, ఎక్సెల్ మూసి తెరిచేదాకా అలాగే ఉండిపోతుంది. డిస్‌ప్లే అలర్ట్స్ (హెచ్చరిక బాక్సులు చూపే సెట్టింగ్) లాంటిదైతే వీబీఏ మాక్రో ముగిశాక ఎక్సెల్ తనే సరిచేసుకుంటుంది గానీ బయటి ప్రాసెస్ నుంచి మార్చితే దాన్నీ సరిచేయదు. నువ్వు బయటి నుంచే నడుపుతున్నావు కాబట్టి ఏం మార్చినా వెనక్కి పెట్టాల్సింది నువ్వే.

అందుకే నీకు నేను చెప్పేది వేరు. హ్యాండ్లర్‌లో మొట్టమొదటి లైనులోనే మార్పు ఏ షీటులో, ఏ కాలమ్‌లో జరిగిందో చూడు, అది నీ షీటూ టిక్కీల కాలమూ కాకపోతే అక్కడే తిరిగి వచ్చేయ్. టైము పడే కాలమ్ వేరు కాబట్టి చక్రం అక్కడే తెగిపోతుంది. దానికి తోడు "ఇప్పుడు రాస్తున్నది నేనే" అని ఒక వేరియబుల్‌లో గుర్తు పెట్టుకుని, రాసేముందు ట్రూ, రాశాక ఫైనల్లీలో (ఎర్రర్ వచ్చినా రాకపోయినా నడిచే భాగంలో) ఫాల్స్ చెయ్యి. నువ్వు రాసినందుకు వచ్చే ఈవెంట్ నువ్వు రాస్తుండగానే వస్తుంది కాబట్టి ఈ గుర్తు సరిగ్గా పనిచేస్తుంది, ఎవరి మాక్రోలకీ అడ్డం పడదు. ఒకేసారి వందల సెల్స్ రాయాల్సొస్తే అప్పుడు ఎనేబుల్ ఈవెంట్స్ వాడుకో, ఫైనల్లీ లేకుండా మాత్రం వాడకు. టాస్క్ మేనేజర్‌లో స్క్రిప్టుని చంపేస్తే ఫైనల్లీ కూడా నడవదు, కాబట్టి స్క్రిప్టు మొదలవ్వగానే దాన్ని ట్రూ చేసే లైను ఒకటి పెట్టుకో.

రాసేటప్పుడు ఆఫ్‌సెట్‌తో పక్క సెల్ పట్టుకుంటున్నావా? ఈవెంట్ల కోసం టైప్ లైబ్రరీ లోడయ్యాక పైవిన్32లో ఆఫ్‌సెట్ మామూలుగా పనిచేయదు, బ్రాకెట్లో సున్నా, ఒకటి ఇస్తే పక్క సెల్ బదులు పైన ఉన్న సెల్ చేతికొస్తుంది. గెట్ ఆఫ్‌సెట్ అని రాయాలి. దానికంటే సెల్స్ అని వరస నంబరు, కాలమ్ నంబరు ఇచ్చి పట్టుకోవడం నయం, చదివేవాళ్లకీ అర్థమవుతుంది.

టార్గెట్ (ఏ సెల్స్ మారాయో చెప్తూ ఎక్సెల్ నీ హ్యాండ్లర్‌కి ఇచ్చేది) అంటే ఒక్క సెల్ అనుకుని రాశావేమో, అదీ సరిచూసుకో. ఆపరేటర్ పది వరసలు కాపీ చేసి అతికిస్తే ఈవెంట్ పదిసార్లు రాదు, ఒకేసారి వస్తుంది, టార్గెట్‌లో అన్ని సెల్సూ ఉంటాయి. అప్పుడు వాల్యూ చదివితే ఒక సంఖ్య బదులు టపుల్ (పైథాన్‌లో విలువల వరస) లోపల టపుల్స్ వస్తాయి. వరస డిలీట్ చేస్తే టార్గెట్ ఆ వరస మొత్తం. షీటంతా సెలెక్ట్ చేసి డిలీట్ కొడితే 1,717 కోట్ల పైచిలుకు సెల్స్, ఎన్ని సెల్సని అడగడానికి కౌంట్ వాడితే ఆ సంఖ్య అందులో పట్టక ఎర్రర్ వస్తుంది, కౌంట్ లార్జ్ వాడాలి. నువ్వైతే ఇంటర్‌సెక్ట్‌తో టార్గెట్‌నీ టిక్కీల కాలమ్‌లో వాడుతున్న భాగాన్నీ కలిపి చూసుకుని, వచ్చిన సెల్స్ ఒక్కోటీ తిరుగు. ఇంకో మాట, ఫార్ములా వల్ల మారిన సెల్‌కి షీట్ ఛేంజ్ రాదు. మొత్తం తూకం ఫార్ములాలో వస్తోందని దానిమీద కాపలా పెడితే ఎప్పటికీ కేక వినపడదు. దానికి షీట్ క్యాలిక్యులేట్ అని వేరే ఈవెంట్ ఉంది, అది కూడా ఏ సెల్ మారిందో చెప్పదు, ఏదో లెక్క జరిగిందని మాత్రమే చెప్తుంది.

ఇక "రిజెక్టెడ్" ఎర్రర్. ఆపరేటర్ సెల్‌లో ఏదో టైప్ చేస్తూ ఎంటర్ కొట్టకుండా ఉన్నాడు, లేదా సేవ్ యాజ్ లాంటి బాక్సు తెరిచి టీ తాగడానికి వెళ్లాడు. ఆ స్థితిలో ఎక్సెల్ బయటివాళ్ల మాట వినదు, నీ పిలుపుని తిప్పికొడుతుంది. ఎర్రర్ నంబరు మైనస్ 2147418111 అయినా, మైనస్ 2146777998 అయినా అర్థం ఒకటే, "ఇప్పుడు కాదు, తర్వాత రా". కాబట్టి ఆ రెండు నంబర్లకి మాత్రం అరసెకను ఆగి మళ్లీ ప్రయత్నించే చిన్న ఫంక్షన్ రాసుకుని, లూపులోంచి ఎక్సెల్‌ని పిలిచే ప్రతి పిలుపునీ దాని ద్వారానే పంపు. వేరే ఏ ఎర్రర్‌నైనా మింగేయకు, లాగ్‌లో పడనీ.

ఈ ఎర్రర్ తగ్గాలన్నా, ఆపరేటర్‌కి ఎక్సెల్ బిగుసుకోకుండా ఉండాలన్నా పనిని రెండుగా విడగొట్టాలి. నువ్వు స్టాకు ఫైలు తెరవడం, అందులో వెతకడం, స్లిప్ ప్రింటు కొట్టడం అన్నీ హ్యాండ్లర్‌లోనే పెట్టావు. ప్రింటరు లేచి కూర్చునేదాకా వాచ్‌మన్ గేటు దగ్గర నిలబడే ఉన్నాడన్నమాట! హ్యాండ్లర్‌లో టైము మాత్రం రాసెయ్. ఎంటర్ కొట్టాకే ఆ ఈవెంట్ వచ్చింది కాబట్టి ఆ క్షణంలో ఎక్సెల్ సాధారణంగా రానిస్తుంది. ఆ వరసలోని లాట్ నంబరు, టిక్కీలు, తూకం చదివి ఒక లిస్టులో వేసి వెంటనే వెనక్కి వచ్చెయ్. మిగతాదంతా లూపులో, పంప్ చేశాక, లిస్టులోంచి ఒక్కొక్కటే తీసి చేసుకో. సెల్ అడ్రసు మాత్రమే రాసిపెట్టుకుని తర్వాత చదువుదాం అనుకోకు. ఈలోగా ఆపరేటర్ పైన ఒక వరస ఇన్సర్ట్ చేశాడంటే ఒక రైతు స్లిప్పులో ఇంకో రైతు టిక్కీలు ప్రింటవుతాయి, కోల్డ్ స్టోరేజీలో దానికంటే పెద్ద గొడవ ఇంకోటి ఉండదని నాకంటే నీకే బాగా తెలుసు. స్టాకు ఫైలు కూడా ఎక్సెలే అయితే దాన్ని ఆపరేటర్ ఎక్సెల్‌లో తెరవకుండా ఓపెన్‌పైఎక్సెల్‌తోనో (ఎక్సెల్ లేకుండానే ఫైలు చదివి రాసే పైథాన్ లైబ్రరీ), ఇంకా మంచిది ఎస్‌క్యూలైట్‌తోనో (ఒక్క ఫైల్లో ఉండే చిన్న డేటాబేస్) నడుపు.

టాస్క్ మేనేజర్‌లో మిగిలిపోయే ఎక్సెల్‌ల కథ. ఎక్సెల్ అప్లికేషన్‌కి క్విట్ ఈవెంట్ లేదు. వర్డ్‌కి ఉంది, అవుట్‌లుక్‌కి ఉంది, దీనికి మాత్రం లేదు. ఆపరేటర్ విండో మూసేసినా నీ స్క్రిప్టు ఎక్సెల్ ఆబ్జెక్టుని పట్టుకునే ఉంది కాబట్టి ఎక్సెల్ కనపడకుండా లోపల బతికే ఉంటుంది. వర్క్‌బుక్ బిఫోర్ క్లోజ్ వచ్చింది కదా అని అప్పుడే అన్నీ వదిలేద్దామనుకుంటావేమో. ఆ ఈవెంట్ సేవ్ చేయాలా అని అడిగే బాక్సు కంటే ముందే వస్తుంది. ఆపరేటర్ అక్కడ క్యాన్సిల్ నొక్కితే ఫైలు తెరిచే ఉంటుంది, నీ చెవి మాత్రం పోయి ఉంటుంది. అలాగే "సేవ్ అయింది" అని తెలియాలంటే బిఫోర్ సేవ్ కాదు, ఎక్సెల్ 2010 నుంచి ఉన్న ఆఫ్టర్ సేవ్ చూడాలి, నిజంగా సేవ్ అయిందో లేదో కూడా అదే చెప్తుంది. మూసివేత కోసం నేను చేసేది మొరటు పద్ధతి: లూపులో రెండు సెకన్లకోసారి ఎక్సెల్ కనిపిస్తోందా, నా వర్క్‌బుక్ ఇంకా తెరిచే ఉందా అని చూస్తాను. లేదంటే హ్యాండ్లర్ ఆబ్జెక్టుకి క్లోజ్ చెప్పి, ఎక్సెల్‌కి సంబంధించిన వేరియబుల్స్ అన్నీ వదిలేసి, లిస్టులో మిగిలిన స్లిప్పులు ముగించి బయటికొచ్చేస్తాను. అందంగా ఉండదు, పనిచేస్తుంది.

పోయేముందు క్విట్ పిలవాలా వద్దా అన్నది ఎక్సెల్‌ని ఎవరు తెరిచారన్న దాన్నిబట్టి ఉంటుంది. పైవిన్32లో మామూలు డిస్పాచ్ ముందు నడుస్తున్న ఎక్సెల్ ఉందేమో చూసి దానికే అతుక్కుంటుంది, లేకపోతేనే కొత్తది తెరుస్తుంది. డిస్పాచ్ ఈఎక్స్ ఎప్పుడూ కొత్తదే తెరుస్తుంది. నీకు కావలసింది ఆపరేటర్ వాడుతున్న ఎక్సెల్ కాబట్టి డిస్పాచ్ సరే, కానీ అది నీ సొత్తు కాదు, దానికి క్విట్ చెప్పకు. నువ్వే కొత్తది తెరిచిన చోట మాత్రం క్విట్ చెప్పే బాధ్యత నీదే. అలా కోడుతో తెరిచిన ఎక్సెల్‌లో ఫైలు తెరిస్తే ఆ ఫైల్లోని వర్క్‌బుక్ ఓపెన్ మాక్రో మామూలుగా అడక్కుండానే నడిచిపోతుంది, ఎందుకంటే ఆటోమేషన్ సెక్యూరిటీ అనే సెట్టింగ్ మొదట్లో అన్ని మాక్రోలకీ తలుపు తీసే ఉంచుతుంది. బయటి నుంచి వచ్చిన ఫైళ్లు తెరిచేముందు దాన్ని 3 చెయ్యి, మాక్రోలు నడవవు.

ఇంత చెప్పాక నువ్వు తిట్టుకుంటావేమో గానీ, సెల్ పక్కన టైము వేయడానికి పైథాన్ అక్కర్లేదు తమ్ముడూ. ఆ షీటు వెనకే వర్క్‌షీట్ ఛేంజ్‌లో ఆరేడు లైన్ల వీబీఏ రాస్తే ఎక్సెల్ లోపలే పనైపోతుంది. నీ స్క్రిప్టు ఆగిపోయిన రోజు కూడా టైము పడుతుంది, నాకు అది అన్నిటికంటే ముఖ్యం. ఫైలుని మాక్రోలుండే రకంగా సేవ్ చేసుకో, మెయిల్లోనో డౌన్‌లోడ్‌లోనో వచ్చిన ఫైలైతే మాక్రోలు బ్లాక్ అయి ఉంటాయి, ఫైలు ప్రాపర్టీస్‌లో అన్‌బ్లాక్ టిక్ పెట్టాలి. స్టాకు, స్లిప్పులు పైథాన్‌కి వదిలెయ్. ఒక్క ఇబ్బంది, మాక్రోతో అయినా స్క్రిప్టుతో అయినా సెల్‌లో రాస్తే ఆపరేటర్‌కి కంట్రోల్ జెడ్ పనిచేయదు, వెనక్కి తీసుకునే చరిత్ర చెరిగిపోతుంది. ఆ సంగతి అతనికి ముందే చెప్పు, లేకపోతే "నీ ప్రోగ్రాం వచ్చాక అన్‌డూ పోయింది" అని ఓనరు గారి దగ్గర ఇంకో కంప్లైంట్ పడుతుంది. దీన్నంతా రాత్రిళ్లు ఎవరూ లాగిన్ కాని సర్వర్లో సర్వీసుగా నడపాలని కూడా చూడకు. ఆఫీసు సాఫ్ట్‌వేర్‌ని అలా వాడితే తమ సపోర్ట్ ఉండదని మైక్రోసాఫ్టే రాసిపెట్టింది.

అవుట్‌లుక్ గురించి అడిగావు కాబట్టి రెండు ముక్కలు. చెవిని పట్టుకుని ఉంచడం, పంప్ చేయడం అక్కడా ఇవే. ఇన్‌బాక్స్ ఐటమ్స్‌లో ఐటమ్ యాడ్ మీద పూర్తిగా ఆధారపడకు, ఒకేసారి చాలా మెయిల్స్ వచ్చి పడితే అది రాదు. పొద్దున్నే కంప్యూటర్ ఆన్ చేయగానే జరిగేది సరిగ్గా అదే. ఈవెంట్‌తో పాటు పది నిమిషాలకోసారి చదవని మెయిల్స్ వెతికే పని కూడా పెట్టుకో. మీ ఆఫీసులో కొత్త అవుట్‌లుక్‌కి మారారేమో ముందు చూడు, అందులో ఈ కామ్ పద్ధతి అస్సలు లేదు, పాత క్లాసిక్ అవుట్‌లుక్ ఉంటేనే నీ స్క్రిప్టుకి పని.

ముందు టాస్క్ మేనేజర్‌లో మిగిలిన ఎక్సెల్‌లన్నీ మూసి, ఫైలు కాపీ మీద మొదలుపెట్టు. మొదట హ్యాండ్లర్‌లో ఏమీ రాయకుండా షీటు పేరు, సెల్ అడ్రసు మాత్రం లాగ్‌లో పడేలా చేసి, పది వరసలు అతికించి, ఒక వరస డిలీట్ చేసి, సెల్‌లో సగం టైప్ చేసి వదిలేసి ఏం పడుతుందో చూడు. అది నిలకడగా పడ్డాకే మిగతావి ఒక్కోటీ కలుపు. లాట్ నంబరు ఏ కాలమ్‌లో ఉందో, ఒకే లాట్‌కి రెండు వరసలు వస్తాయో రావో నువ్వు రాయలేదు. వస్తాయంటే మాత్రం స్లిప్ లిస్టులో లాట్ నంబరు ఒక్కటే చాలదు, ఇంకో ఉత్తరం రాయి.